సాధారణ సైకిలుకు విద్యుచ్ఛక్తి

మన పట్టణములలోను, పల్లెలలోను సైకిలు నెరుగని వీధి యుండదు. తెల్లవారకమునుపే క్యానులు తగిలించుకొని బయలుదేరు పాలవాడు, వార్తాపత్రికలు పంచు కుర్రవాడు, ఎండనక వాననక ప్లాస్టిక్కు సామాను అమ్ముకొను చిల్లర వర్తకుడు, అన్నపు క్యారియరును హ్యాండిలుకు తగిలించుకొని పనికి పోవు తాపీమేస్త్రి—వీరి బ్రతుకు రెండు చక్రముల మీదనే సాగుచుండును. ఈ వాహనమునకు పెట్రోలు అక్కరలేదు. చెడిపోయినచో వీధి చివర చెట్టు క్రింద కూర్చుండు మెకానిక్కు పది నిమిషములలో బాగుచేయును. దీనికి కావలసిన దొక్కటే, మోకాళ్ళలో సత్తువ. ఏబది యేండ్లు దాటిన వానికి ఎదురుగాలిలో పది కిలోమీటర్లు తొక్కి పనికి చేరుట, పనిచేసి అలసిన పిదప తిరిగి పది కిలోమీటర్లు తొక్కి ఇల్లు చేరుట సులభము కాదు.

అట్టివానికి ఇంతకాలము రెండే దారు లుండెను. అప్పు చేసి స్కూటరు కొనుట ఒకటి, దూరపు పనిని మానుకొనుట రెండవది. ఇప్పుడు మూడవ దారియు కనబడుచున్నది. ఉన్న సైకిలుకే ఒక చిన్న విద్యుత్ మోటారును, బ్యాటరీని అమర్చుకొనుట అది. చేతిపని తెలిసిన యువకులు, పాలిటెక్నిక్కు విద్యార్థులు, కొందరు సైకిలు షాపులవారు ఈ పని చేయుచున్నారు. సామగ్రి బజారులో దొరకుచున్నది. కాని సామగ్రి దొరకినంత సులభముగా వివేకము దొరకదు. దీనివలన మేలెంత, మెలకువ లేవి, ప్రమాద మెక్కడ పొంచియున్నది అను విషయములను ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

మొదట ఒక మాట. ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. 1881వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన గుస్తావ్ ట్రువే అను శిల్పి ఇంగ్లాండులో తయారైన మూడు చక్రముల తొక్కుడుబండిని తీసికొని, దానికి మోటారును, సీసపు బ్యాటరీలను అమర్చి పారిస్ వీధిలో నడిపెను. అనగా విద్యుత్ వాహనముల తొలి చరిత్రయే ఉన్న బండిని మార్చుకొనుటతో మొదలైనది. 1895 డిసెంబరు 31వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన ఆగ్డెన్ బోల్టన్ అను నతడు వెనుక చక్రపు నడిబొడ్డుననే మోటారును నిలిపిన సైకిలుకు పేటెంటు పొందెను. నేటి హబ్బు మోటారునకు పూర్వరూపము అదియే. మరి ఇంతకాలము ఇది వీధిలోనికి ఏల రాలేదు? బ్యాటరీ బరువు, మోటారు బరువు, ఈ రెండే కారణములు. 1980ల దశకమున నియోడిమియమ్ అయస్కాంతములు వచ్చి మోటారును చిన్నది చేసెను. 1991లో జపానులో లిథియమ్ అయాన్ బ్యాటరీ విక్రయమునకు వచ్చి రెండవ అడ్డంకిని తొలగించెను. అంతకుముందు సైకిలుపై మోయరాని బరువుగా నున్నది నేడు రెండు మూడు కిలోల మూట అయినది.

సైకిలు నడచుటకు ఎంత శక్తి కావలెనో తెలిసికొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును. మనిషి, సైకిలు, మోటారు, బ్యాటరీ అన్నియు కలసి నూరు కిలోల బరువనుకొందము. సమతలమైన మంచి రోడ్డుపై, గాలి లేనపుడు, గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుటకు సుమారు నూరు వాట్ల శక్తి చాలును. ఇందులో సగమునకు పైగా గాలిని త్రోసికొని పోవుటకే ఖర్చగును. మిగిలినది టైర్లు నేలపై దొర్లుటకు పట్టును. కష్టపడుటకు అలవాటుపడిన మనిషి ఆగకుండ ఇచ్చు శక్తి 75 మొదలు 100 వాట్ల వరకు ఉండును. అనగా సమతలమున, గాలి లేనపుడు, మనిషి తన బలముతోనే పోగలడు. చిక్కు వచ్చునది మూడు చోట్ల: ఎదురుగాలి, ఎత్తు, బరువు. గంటకు పది కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో అదే వేగమున పోవు వానికి గాలి పట్టుదల రెండింతలకు మించును. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచు వాలుపై గంటకు పది కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు నూట అరువది వాట్లకు పైగా కావలెను. కృష్ణా డెల్టాలోని సముద్రపు గాలియైనను, విశాఖపట్టణములోని ఎత్తుపల్లములైనను తొక్కువానికి నేర్పునది ఈ లెక్కనే.

ఈ లెక్కనుండి ఒక నీతి తేలుచున్నది. మనిషి ఇచ్చు నూరు వాట్లకు మోటారు మరి నూరో, నూటయేబదియో చేర్చినచో చాలును. 250 వాట్ల మోటారు సైకిలుకు సమృద్ధియే. అయినను బజారులో 500 వాట్ల, 1000 వాట్ల మోటార్లు యువకులను ఆకర్షించుచున్నవి. ఆ ఆకర్షణకు లోబడుట ఏల తగదో మున్ముందు చెప్పెదము.

అమర్చుకొనుటలో మూడు పద్ధతులు కలవు. మన ప్రాంతమున చేతిపనివారు తరచుగా అనుసరించునది మొదటిది. 24 వోల్టుల, 250 వాట్ల బ్రష్షుల మోటారును ఫ్రేముకు బిగించి, వెనుక చక్రమునకు ఎడమవైపున మరియొక ఫ్రీవీలు అమర్చి, రెంటిని చైనుతో కలుపుట. ఇందు చక్రము విప్పి క్రొత్తగా అల్లవలసిన పని లేదు. కాని మోటారును బిగించిన పట్టీ గట్టిగా లేనిచో చైను ప్రక్కకు లాగుకొని జారిపోవును. శబ్దమును అధికము. బ్రష్షులు అరిగినపుడు మార్చవలెను.

రెండవది హబ్బు మోటారు. చక్రపు ఇరుసు చుట్టును మోటారే యుండును, చైను బెడద లేదు. ఇందులో పళ్ళచక్రములు గల రకము రెండు మూడు కిలోల బరువే యుండి, బ్యాటరీ అయిపోయినను సైకిలును మామూలుగా తొక్కనిచ్చును. పళ్ళచక్రములు లేని రకము బరువైనది. ఆగియున్నపుడు అయస్కాంతముల వలన కొంత వెనుకకు లాగును. హబ్బు మోటారు కొనదలచిన వారు మన పాతరకపు 28 అంగుళాల సైకిలు విషయమున రెండు సంగతులు గమనింపవలెను. ఆ సైకిలు ముందు రిమ్ముకు 32 రంధ్రములు, వెనుక రిమ్ముకు 40 రంధ్రములు ఉండుట పరిపాటి. హబ్బు మోటార్లు ఎక్కువగా 36 రంధ్రములతో వచ్చును. కావున వేరొక రిమ్మును తెచ్చి, పొట్టి పుల్లలతో చక్రమును క్రొత్తగా అల్లించవలెను. రెండవది, వెనుక ఫోర్కు చీలికల నడుమ దూరము. అనేకమైన వెనుక మోటార్లు 135 మిల్లీమీటర్ల దూరమునకు చేయబడినవి. మన పాత సైకిలులో అంత చోటుండదు. ఫోర్కును బలముతో విడదీసి ఇరికించుట మంచిది కాదు. కొలిచి కొనవలెను గాని, కొని కొలువరాదు.

మూడవది పెడలు ఇరుసువద్దనే మోటారు నిలుపు పద్ధతి. ఎత్తులెక్కుటకు ఇది మేలైనది. కాని మోటారు బలమంతయు చైను ద్వారానే పోవును గనుక చైను, పళ్ళు త్వరగా అరుగును. ధరయు హెచ్చు.

ఏ పద్ధతి యైనను తక్కిన భాగము లొక్కటే. బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తును మోటారుకు కావలసినంత అందించు కంట్రోలరు ఒకటి. చేతితో తిప్పు త్రాటిలు ఒకటి. పెడలు తిరుగుచున్నదా లేదా అని కనిపెట్టు చిన్న అయస్కాంతపు బిళ్ళ ఒకటి. బ్రేకు పట్టగనే మోటారును ఆపు మీట ఒకటి. ఈ చివరి దానిని కొందరు అనవసరమని వదలివేయుచున్నారు. అది లేనిచో చేయి బ్రేకును పట్టుచుండగా మోటారు ముందుకు త్రోయుచుండును. ఒక్క సెకండు చాలును. బ్యాటరీ ధనపు తీగ మొదట్లోనే తగిన ఫ్యూజు ఉండవలెను. తీగలు వంపుతిరిగి పైకిపోయి కంట్రోలరులో చేరునట్లు అమర్చినచో వాననీరు తీగవెంట లోనికి పోక వంపులోనే జారి పడును.

ఇక ముఖ్యమైన మాటకు వచ్చెదము. సైకిలును చేసినవాడు దానిని మనిషి బలమునకు తగినట్లు చేసెను. దానికి క్రొత్త బలమును చేర్చుటకు ముందు అది ఆ బలమును ఓర్చునా యని చూడవలెను. మోటారు కొనుటకు ముందు బ్రేకు కొనవలెనని మేము చెప్పుట అందుకే. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలును ఆపుటకు ఎంత శ్రమ కావలెనో, 25 కిలోమీటర్ల వేగమున పోవుదానిని ఆపుటకు దాదాపు మూడింతలు కావలెను. వేగముతో శక్తి వర్గక్రమమున పెరుగును గనుక ఇది తప్పదు. మన పాత సైకిళ్ళ బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేయును. రబ్బరు బిళ్ళలు ఉక్కు రిమ్ము లోపలి అంచును పట్టును. పొడి రోడ్డుపై నెమ్మదిగా పోవు వానికి అవి చాలును. వానలో తడిసిన ఉక్కు రిమ్మును ఆ బిళ్ళలు వెంటనే పట్టలేవు. చక్రము కొంతదూరము తిరిగి నీరు తుడుచుకొనిపోయిన పిదపనే పట్టు దొరకును. కావున మార్పు చేయదలచిన వారు ముందు చక్రమునకైనను మంచి బ్రేకు వేయించుకొనవలెను. హబ్బులో నుండు డ్రమ్ము బ్రేకు వానకు లొంగదు.

రెండవది ఇరుసు. హబ్బు మోటారు చక్రమును ముందుకు త్రిప్పునపుడు తన ఇరుసును అంతే బలముతో వెనుకకు త్రిప్పజూచును. ఇరుసుకు రెండు ప్రక్కల చదునుగా నున్న భాగములే దానిని పట్టి నిలుపును. సాధారణపు ముందు ఇరుసు సుమారు 8 మిల్లీమీటర్లు. మోటారు ఇరుసు చదును ప్రక్కల నడుమ 10 మిల్లీమీటర్లు. అది పట్టుటకు ముందు ఫోర్కు చీలికను ఆకురాయితో అరగదీయుదురు. అరగదీసిన కొలది ఆ చివర బలహీనమగును. ఒకనాడు ఇరుసు తిరిగి, తీగలు తెగి, చక్రము ఊడినచో మనిషి ముఖము నేలను తాకును. అందువలన వెనుక చక్రమునకు బిగించుట శ్రేయస్కరము. ఎక్కడ బిగించినను ఇరుసును పట్టి ఫ్రేముకు కట్టియుంచు ఉక్కు చేయి ఒకటి తప్పనిసరి. తుప్పుపట్టిన ఫోర్కు, అతుకువేసిన ఫ్రేము, వదులైన పుల్లలు గల సైకిలును మోటారుకు తగినదిగా ఎంచరాదు. పాత సైకిళ్ళలో పెడలు చేతిని పట్టియుంచు కాటరు పిన్ను అరిగి యున్నదేమో చూడవలెను.

బ్యాటరీ విషయమున మరింత జాగ్రత్త అవసరము. సీసపు బ్యాటరీలు చౌక. 12 వోల్టులవి రెండు చేర్చి 24 వోల్టుల మోటారును నడుపుదురు. 12 ఆంపియర్-గంటలవి రెండు కలసి సుమారు ఎనిమిది కిలోలు తూగును. పూర్తిగా వాడుచు పోయినచో కొద్ది వందల పర్యాయములకే డస్సిపోవును. లిథియమ్ బ్యాటరీ తేలిక, ఆయువు హెచ్చు. 36 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 360 వాట్-గంటల శక్తి యుండును. తొక్కుట మాని మోటారు మీదనే భారము వేసినను సుమారు 30 కిలోమీటర్లు పోవచ్చును. కాళ్ళు తోడుపడినచో ఇంకను దూరము పోవచ్చును. దీనిని నింపుటకు అర యూనిటు కరెంటు కూడ పట్టదు. రెండు ఆంపియర్ల ఛార్జరుతో ఐదారు గంటలలో నిండును. పెట్రోలు ధరతో పోల్చుకొని గృహిణులే లెక్క వేసికొనగలరు.

కాని ఈ తేలికైన మూటలోనే అగ్నియు దాగియున్నది. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంటిలో ఛార్జి అగుచుండిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణములు పోయినవి. అవి కర్మాగారములనుండి వచ్చిన బ్యాటరీలు. ఇక ఇంటిలో కూర్చిన బ్యాటరీ మాట వేరుగా చెప్పవలెనా? పాత లాప్‌టాప్ కంప్యూటర్ల నుండి ఊడదీసిన ఘటములను ఏరి, టంకము వేసి, టేపు చుట్టి బ్యాటరీ చేయుట కొందరికి వినోదముగా నున్నది. ఒక్కొక్క ఘటపు వయస్సు వేరు, బలము వేరు. బలహీనమైనది ముందుగా నిండి, ముందుగా ఖాళీయై, నానాటికి మరింత క్షీణించును. టంకపు వేడికి ఘటపు మూత దెబ్బతినును. న్యూయార్కు నగరము 2023లో, వాడిన ఘటములతో తిరిగి కూర్చిన ఇట్టి బ్యాటరీల విక్రయమును చట్టముచే నిషేధించెను. తక్కిన భాగములన్నిటిని చేతితో కూర్చుకొనవచ్చును గాని, బ్యాటరీని మాత్రము పేరుగల తయారీదారు నుండి రక్షణ పలకతో సహా కొనవలెనని మా దృఢాభిప్రాయము. సైకిలు చెడినచో నడచి ఇల్లు చేరవచ్చును. బ్యాటరీ చెడినచో చేరుటకు ఇల్లే యుండకపోవచ్చును.

ఛార్జరు విషయమున ఒక సూక్ష్మము కలదు. లిథియమ్ బ్యాటరీలలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. నికెల్ కలిసిన జాతిలో ఒక ఘటము నిండినపుడు 4.2 వోల్టులు, పది ఘటముల వరుస 42 వోల్టుల వద్ద నిండును. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన జాతిలో ఘటము 3.65 వోల్టుల వద్ద నిండును. పండ్రెండు ఘటముల వరుస 43.8 వోల్టులు కోరును. రెంటి చీటీమీదను 36 వోల్టులనియే వ్రాసి యుండవచ్చును. రెండవదాని ఛార్జరును మొదటిదానికి తగిలించినచో ఒక్కొక్క ఘటము ఓర్వగల హద్దును దాటును. అప్పుడు రక్షణ పలక ఒక్కటే దిక్కు. కావున ఒక బ్యాటరీకి ఒకే ఛార్జరు అను నియమమును ఇంటిలో ఉంచవలెను. ఇనుప ఫాస్ఫేటు జాతి కొంచెము బరువైనను వేడికి ఎక్కువ ఓర్చును, ఆయువును హెచ్చు. మన ఎండలకు అదియే తగినదని మా సలహా.

ఇంటిలోని పెద్దలు గుర్తుంచుకొనవలసిన నియమములు కొన్ని కలవు. రాత్రి అందరు నిద్రించుచుండగా ఛార్జి పెట్టరాదు. మంచము క్రింద, పరుపు ప్రక్కన పెట్టరాదు. వెలుపలికి పోవు వాకిలివద్దను, మెట్లవద్దను అసలే పెట్టరాదు. నిప్పు పుట్టినచో ఉన్న ఒక్క దారియు మూసికొనిపోవును. గచ్చుమీద, గాలి తగులుచోట, కంటికి కనబడునట్లు ఉంచవలెను. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాక, బ్యాటరీ చల్లారిన పిదప ఛార్జి పెట్టవలెను. క్రిందపడినది, ఉబ్బినది, వింతవాసన వచ్చునది, చేయి పెట్టలేనంత వేడెక్కునది—దానిని మరల వాడరాదు. పొగ కనబడినచో ఆర్పబోక అందరు వెలుపలికి వచ్చి 101 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ పొగ విషపూరితము. ఆయువు తీరిన బ్యాటరీని చెత్తకుండీలో పడవేయక అమ్మిన వానికే తిరిగి అప్పగింపవలెను. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు వాటిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి.

చట్టము మాటయు తెలిసికొనవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో పెడలుకు తోడ్పడు సైకిలుకు ఒక మినహాయింపు చేర్చబడినది. మోటారు శక్తి 250 వాట్లకు లోబడి యుండవలెను. వేగము 25 కిలోమీటర్లకు చేరుసరికి మోటారు క్రమముగా తగ్గి ఆగిపోవలెను. తొక్కుట మానినచో అంతకుముందే ఆగవలెను. తగిన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎఱ్ఱని ప్రతిఫలక బిళ్ళలు ఉండవలెను. ఇవి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థచే ధ్రువపడినచో అది మోటారు వాహనముగా ఎంచబడదు. ఇంటిలో కూర్చిన బండికి ఆ ధ్రువపత్రము దానంతట రాదు. కావున సామగ్రి కొనునపుడే దానిని గూర్చి విచారించుట, హద్దులను దాటకుండుట ఉభయతారకము. 500, 1000 వాట్ల మోటారు బిగించినది ఈ మినహాయింపునకు పూర్తిగా వెలుపలిది. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా ఏవియు లేక అట్టి బండితో ఎవరినైనను గ్రుద్దినచో కలుగు కష్టము ఒక కుటుంబమును క్రుంగదీయగలదు. పెద్ద మోటారు వలదని ఇంతకుముందు చెప్పుటకు ఇది రెండవ కారణము. పాత బ్రేకు, పాత ఫోర్కు మొదటి కారణము.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితిమని శ్రోతలు వెనుకాడ నక్కరలేదు. సైకిలు గట్టిదైనచో, బ్రేకులు మంచివైనచో, బ్యాటరీ నమ్మదగిన దైనచో, ఈ మార్పును ఒక మంచి మెకానిక్కు సాయముతో రెండు మూడు దినములలో ముగించుకొనవచ్చును. ఉన్న డబ్బు పరిమితమైనచో ముందు బ్రేకులకు, తరువాత బ్యాటరీకి, మిగిలినది మోటారుకు వెచ్చింపుడు. చాలకపోయినచో మోటారును చిన్నది చేసికొనుడు గాని, మొదటి రెంటిలో తగ్గింపకుడు. అమర్చిన పిదప మొదటి వారము దినదినము ఇరుసు నట్లను, పుల్లలను, తీగల అతుకులను పరీక్షించుచుండుడు.

త్రాటిలు త్రిప్పి కాళ్ళు ఊరక వ్రేలాడదీసికొని పోవుటకంటె, పెడలు త్రొక్కుచు మోటారు సాయము పొందుటయే మేలు. బ్యాటరీ ఎక్కువ దూరము వచ్చును, శరీరమునకు వ్యాయామము దక్కును, చట్టముతో పేచీయు రాదు. మోకాళ్ళు నొచ్చి దూరపు పనిని వదలుకొనబోవు మనిషి ఎదురుగాలిలోను అలసట లేక ఇల్లు చేరి, పిల్లలతో నాలుగు మాటలాడుటకు ఓపిక మిగుల్చుకొన్ననాడు, ఆ చిన్న మోటారుకు పెట్టిన సొమ్ము వృథా కాలేదని ఇంటివారందరు సంతోషింపవచ్చును.